పాత సైకిల్ హబ్బుతో చీర ఉయ్యాల: కిర్రు పోగొట్టడం, ఊపులు లెక్కపెట్టడం, పొద్దున సైకిల్ తొక్కడానికి ఓ గంట సమయం సంపాదించడం

చూసి చేసుకోవాలనుకునేవాళ్లకు ముందే చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇది సైకిల్ చక్రం నడుమ ఇరుసు మీద తిరిగే హబ్బుకు వేలాడదీసిన చీర ఉయ్యాల, మోటారు ఉయ్యాల కాదు. ఊపేది మనిషే. పాప ఉయ్యాలలో ఉన్నంతసేపు పక్కన ఒకరుంటారు, గాఢంగా నిద్రపోయాక పరుపు మీదికి మారుస్తాం. రాత్రంతా పడుకోవడానికి చదునైన, గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టడమే సరైనది. చీర ఉయ్యాల నిద్రపుచ్చడానికి మాత్రమే. పాప బోర్లా పడటం మొదలుపెట్టిన రోజు ఉయ్యాల విప్పేయాలి.

ఉండేది మణికొండలో, అద్దె ఫ్లాటు. హాల్లో బిల్డరు స్లాబులో పోసి ఇచ్చిన ఉయ్యాల కొక్కెం ఉంది. ఫ్యాను కొక్కేనికి అయితే ఈ పని చేయొద్దు. పాప అమ్మమ్మ వాళ్లింటి నుంచి మూడో నెలలో వచ్చింది. మా అమ్మ ఊరి నుంచి వచ్చి మాతో ఉంది. మా ఆవిడకు 2017 సవరణ పుణ్యమా అని 26 వారాల సెలవు. నాకు, ప్రైవేటు ఉద్యోగం కాబట్టి, చట్టం ప్రకారం ఒక్క రోజు కూడా లేదు. కేంద్ర ప్రభుత్వంలో పనిచేసే నాన్నలకు 15 రోజులుంది.

మొదటి దశ: నంబర్ ప్యాడ్

రాత్రి మూడింటికి లేచిన మనిషికి కావలసింది ఒకటే సమాధానం: పాప చివరిసారి ఎప్పుడు తాగింది? ఫోన్ యాప్‌తో మొదలుపెట్టాం. చీకట్లో స్క్రీన్ వెలిగితే పాప అటే చూస్తుంది. ఇక అమ్మ ఫోన్‌లో యాప్ తెరవాలంటే ముందు కళ్లజోడు దొరకాలి. మూడు ఫోన్లలో మూడు రకాల లెక్కలు తయారయ్యాయి.

బదులుగా వాడినవి: స్క్రీన్ కీలు విరిగి మూలన పడున్న ల్యాప్‌టాప్, ఒక యూఎస్‌బీ నంబర్ ప్యాడ్.

1. ల్యాప్‌టాప్‌లో లినక్స్. మూత మూయగానే నిద్రపోయే సెట్టింగ్ తీసేయాలి. లేకపోతే మూత మూసిన క్షణం నుంచి లాగ్ (టైముతో సహా పడే నమోదు) ఉండదు.
2. నంబర్ ప్యాడ్‌ను పైథాన్ ప్రోగ్రాం నేరుగా చదవాలి, మిగతా సిస్టమ్‌కు దాని మీటలు వెళ్లకుండా పట్టి ఉంచాలి. లేకపోతే లాగిన్ బాక్సులో రాత్రంతా అంకెలు పడుతుంటాయి.
3. మీటలు: 1 పాలు, 2 తడి, 3 దొడ్డికి, 4 పడుకుంది, 5 లేచింది, 0 నొక్కితే చివరి ఎంట్రీ రద్దు.
4. ప్రతి ఎంట్రీ ఒక వరుసగా మామూలు టెక్స్ట్ ఫైల్లోకి. డేటాబేస్ అవసరం లేదు.

తేడా కొట్టినవి:

నంబర్ ప్యాడ్ మీద ఆకుపచ్చ లైటు. చీకటి గదిలో అది వీధిదీపమే. నల్ల ఇన్సులేషన్ టేపు రెండు పొరలు వేశాక సరిపోయింది.

మీట ఒక్కటి నొక్కితే ఫైల్లో మూడు వరుసలు. చవక ప్యాడ్లు కొన్ని ప్రతి అంకెకు ముందూ వెనకా నమ్‌లాక్‌ను కూడా తామే నొక్కి పంపుతాయి. ప్రోగ్రాంలో నమ్‌లాక్‌ను పట్టించుకోవద్దని ఒక లైను రాస్తే పోయింది.

మీట పట్టుకుని ఉంచితే వరుసలు వరదలా వచ్చాయి. మీట కిందికి వెళ్లిన సంఘటన ఒక్కటే తీసుకోవాలి, అది తిరిగి తిరిగి వచ్చేవి వదిలేయాలి.

ఇవి కంప్యూటర్ తగాదాలు. అసలు తగాదా వేరే. నొక్కితే నమోదైందో లేదో తెలియదు కాబట్టి అమ్మ ఒకటికి రెండుసార్లు, అనుమానమొస్తే ఇంకోసారి నొక్కేది. బీప్ పెడితే పాప లేస్తుంది. అందుకని ఒకే మీట రెండు నిమిషాల్లోపు మళ్లీ వస్తే లెక్కలోకి తీసుకోకుండా చేశాను. అమ్మ ఎన్నిసార్లైనా నొక్కుకోవచ్చు.

వారం తిరిగేసరికి 1, 2, 3 వరుసలు బాగా వచ్చాయి. 4, 5 మాత్రం చిల్లుల జల్లెడ. పాలు పట్టాక, గుడ్డ మార్చాక చేతులు ఖాళీ అవుతాయి, ఆ దారిలోనే ప్యాడ్ ఉంది. నిద్రపుచ్చిన మనిషి మాత్రం ఉయ్యాల తాడు పట్టుకుని గోడకు ఆనుకుని ఉంటారు. లేచి వచ్చి నాలుగు నొక్కే ఓపిక ఉంటే ఆ ఓపికతో వాళ్లే పడుకుంటారు. నిద్ర లెక్క కావాలంటే చెయ్యి ఎక్కడుందో అక్కడే కొలవాలి. అంటే ఉయ్యాల దగ్గర.

ఖర్చు: నంబర్ ప్యాడ్ 350, స్టిక్కర్లు 20. ఇప్పటిదాకా 370 రూపాయలు.

రెండో దశ: కిర్రు

ఉయ్యాలకు సెన్సార్ పెట్టే ముందు దాని చప్పుడు ఆపాలి. కొక్కేనికి ఎస్ ఆకారపు కడ్డీ, దానికి చీర ముడి. ప్రతి ఊపుకూ కిర్రు. పాప కళ్లు మూతలు పడే సమయానికి మనం ఊపు తగ్గిస్తాం, ఊపు తగ్గేకొద్దీ కిర్రు సాగుతుంది. కరెక్టుగా తప్పుడు సమయంలో.

ఫోన్ మైకుతో కొలిచాను. ఫోన్ యాప్‌ల డెసిబెల్ అంకె నమ్మదగింది కాదు, తేడా చూసుకోవడానికి పనికొస్తుంది. ఫ్యాను తిరుగుతుంటే గది 38 డెసిబెల్. పాప తల ఉండే చోట ఒక్కో కిర్రు 55 నుంచి 58.

ప్రయత్నించినవి, వరుసగా:

కొబ్బరినూనె. రెండు రోజులు హాయి. మూడో రోజు కిర్రు వచ్చింది, చీర మీద నూనె మరక కూడా వచ్చింది.

వాసెలిన్. కాస్త ఎక్కువ నిలిచింది. ఏప్రిల్ ఎండకు కరిగి కారింది.

సైకిల్ చైన్ ఆయిల్. చప్పుడు పోయింది కానీ పసిపిల్ల మొహానికి పైన నల్లటి నూనె వేలాడటం మా ఆవిడ ఒప్పుకోలేదు. నేనూ వాదించలేదు.

కొక్కేనికి గుడ్డ చుట్టడం. ఇదే ప్రమాదం. గుడ్డ అరిగి తెగేదాకా తెలియదు, తెగినప్పుడు ఉయ్యాల ఒక్క జర్కు ఇస్తుంది. చేయొద్దు.

నూనె ఎందుకు నిలవదంటే, రెండు గుండ్రటి కడ్డీలు కలిసేది చుక్కంత చోట. బరువంతా ఆ చుక్క మీదే, ఒరుసుకోవడం కూడా అక్కడే. ఏ నూనె పోసినా ఒత్తిడికి పక్కకు పోతుంది. ఒరుసుకోవడం బదులు దొర్లేది కావాలి. బాల్కనీలో దొర్లేవి చాలా ఉన్నాయి.

బరువు లెక్క కూడా ఇక్కడే వేసుకున్నాను. పాప 6.8 కిలోలు, చీర, కర్ర, పట్టీ కలిపి 1.4. మొత్తం 8.2. ఊగేటప్పుడు కింది బిందువు దగ్గర లాగుడు పెరుగుతుంది: నిలువు నుంచి 20 డిగ్రీలు ఊపితే 1.12 రెట్లు, 45 డిగ్రీలు ఊపితే దాదాపు 1.6 రెట్లు. ఎవరో మేనమామ ఉత్సాహంగా ఊపినా 13 కిలోలు దాటదు. అయినా రెండు 25 కిలోల బియ్యం సంచులతో పరీక్షించకుండా పాపను వేయకూడదని నియమం పెట్టుకున్నాం.

ఖర్చు: వాసెలిన్ 45. ఇప్పటిదాకా 415.

మూడో దశ: హబ్బు

నా పాత హైబ్రిడ్ సైకిల్ ముందు చక్రం రిమ్ము ఒక వర్షాకాలం గుంతలో పగిలింది. పుల్లలు కత్తిరించి హబ్బు బయటకు తీశాను. ముందు హబ్బు ఎందుకంటే పళ్ల చక్రం, ఫ్రీవీల్ లాంటి చప్పుడు చేసేవేవీ దానికి ఉండవు. పట్టీని హబ్బు నడుము మీదుగా వేస్తే రెండు పక్కల అంచులు దాన్ని జారనివ్వవు. పుల్లల రంధ్రాలకు ఏదీ కట్టొద్దు. అవి చిన్నవి, అంచులు పదును.

పనిముట్లు: 13 మిల్లీమీటర్ల పలచటి కోన్ స్పానర్ (కోన్ అంటే ఇరుసు మీద బాల్స్‌ను నొక్కిపట్టే నట్టు), 15 స్పానర్, కిరోసిన్, గ్రీజు, టేపు.

1. హబ్బు విప్పి బాల్స్ కడగాలి. నా దాంట్లో పక్కకు పది, 3/16 అంగుళం. ఒక్కటి పోయినా కొత్త సెట్టు వేయడం మేలు.
2. క్విక్ రిలీజ్ (స్పానర్ లేకుండా చక్రం విప్పే మీట) కోసం బోలుగా ఉండే ఇరుసు తీసేసి నట్లతో బిగించే గట్టి ఇరుసు వేయాలి.
3. ఇరుసును రెండు పక్కలా పట్టుకునే యూ ఆకారపు ఇనుప పట్టీ చేయించాలి. 40 మిల్లీమీటర్ల వెడల్పు, 5 మందం.
4. యూ పట్టీని డీ షాకిల్‌తో (డీ ఆకారపు ఇనుప లంకె) కొక్కేనికి వేలాడదీయాలి.
5. హబ్బు నడుము మీదుగా పాలిస్టర్ పట్టీ, దాని కింద చీర. నైలాన్ వద్దు, సాగుతుంది.
6. హబ్బుతో సంబంధం లేకుండా కొక్కెం నుంచి నేరుగా చీర ముడికి ఇంకో తాడు, కాస్త వదులుగా. హబ్బు దగ్గర ఏది విడిపోయినా పాప ఈ తాడు మీద ఆగాలి.

మూడో అడుగులోనే ఆగిపోయింది. హబ్బు వెడల్పు, నట్టు నుంచి నట్టుకు, 100 మిల్లీమీటర్లు. కాగితం మీద యూ గీసి 100 అని రాసిచ్చాను. వెల్డింగ్ షాపాయన పట్టీ బయటి వెడల్పు 100 పెట్టి వంచాడు. అటు 5, ఇటు 5 పోగా లోపల 90. బొమ్మలో బాణం గుర్తులు పట్టీ లోపలి అంచుల నుంచి గీయాలి, పక్కన ‘లోపల’ అని రాయాలి. రెండోసారి హబ్బునే తీసుకెళ్లి చేతిలో పెడితే కాగితం అవసరమే రాలేదు. ఇకపై చేయించుకునేవాళ్లు కొలత బదులు వస్తువు తీసుకెళ్లండి.

బిగించి సంచులు వేలాడదీస్తే కిర్రు అలాగే ఉంది. హబ్బు తిరుగుతోంది, చప్పుడు పైనుంచి వస్తోంది. టార్చి వేసి చూస్తే హబ్బు సగం తిరిగి, మిగతా సగం యూ పట్టీయే షాకిల్ దగ్గర ఊగుతోంది. రెండు కారణాలు. కోన్లు చక్రానికి బిగించినంత గట్టిగా బిగించాను. ఇక్కడ వేగం లేదు, పక్క ఊపు లేదు, అంత బిగువు అనవసరం. ఎనిమిదో వంతు చుట్టు వదులు చేశాను. రెండోది, షాకిల్‌కు కొక్కేనికి మధ్య ఆడేందుకు చోటుంది. పాత ట్యూబు ముక్క నాలుగు మడతలు పెట్టి షాకిల్ లోపల ఇరికించాను. ఇక పట్టీ కదలడం మానేసింది.

తేడా కొలవడానికి 8 కిలోల బియ్యం మూట వేసి, 30 సెంటీమీటర్లు పక్కకు లాగి వదిలి, ఊపు 15 సెంటీమీటర్లకు తగ్గేదాకా లెక్కపెట్టాను:

పాత కొక్కెం, ఎస్ కడ్డీ: 14 ఊపులు
హబ్బు, బిగువు కోన్లు: 22
హబ్బు, వదులు కోన్లు, ట్యూబు ముక్క: 41

చప్పుడు ఫ్యాను కింద వినపడనంత. ఫోన్ 39 చూపించింది.

కొత్త ఫిర్యాదు అమ్మది. “ఆగదేందిరా ఇది?” ఇదివరకు తాడు వదిలేస్తే కాసేపటికి అదే ఆగేది, ఇప్పుడు చేత్తో పట్టి ఆపాలి. ఊపే శ్రమ మాత్రం బాగా తగ్గింది. రెండు వేళ్లతో తాడు తాకిస్తే చాలు.

చేసేవాళ్లకు తప్పనిసరి సంగతి ఇంకోటి ఉంది. చక్రంలో హబ్బు పూర్తిగా తిరుగుతుంది కాబట్టి గ్రీజు అన్నివైపులా పాకుతుంది. ఉయ్యాలలో అది ముందుకో పిసరు వెనక్కో పిసరు కదులుతుంది. బాల్స్ ఒకేచోట అటూ ఇటూ దొర్లి గ్రీజును తోసేసి లోహం మీద గుంటలు పెడతాయి. ఇంజనీర్లు దీన్ని ఫాల్స్ బ్రినెలింగ్ అంటారు. కొన్నాళ్లకు విప్పి చూస్తే కోన్ మీద, బరువు పడే పైవైపు, వరుసగా మెరిసే మచ్చలు కనిపించాయి. గోరు తగిలిస్తే తెలియనంత. అప్పటి నుంచి ఆదివారం చీర ఉతికేటప్పుడు ఇరుసు నట్లు వదులు చేసి ఇరుసును పావు చుట్టు తిప్పుతున్నాను, హబ్బును కూడా చేత్తో పది చుట్లు తిప్పి గ్రీజు పాకిస్తున్నాను.

ఖర్చు: యూ పట్టీ 250, మళ్లీ వంచినందుకు 100, షాకిల్స్ రెండు రాణిగంజ్‌లో 160, పాలిస్టర్ పట్టీ కుట్టుకూలితో 140, ఇరుసు నట్లతో 90. ఈ దశకు 740. ఇప్పటిదాకా 1,155.

నాలుగో దశ: ఊపుల లెక్క

సైకిల్ స్పీడోమీటర్ పనిచేసే తీరు చాలా సులువు. పుల్లకు చిన్న అయస్కాంతం, ఫోర్కుకు రీడ్ స్విచ్. అయస్కాంతం దగ్గరికి రాగానే గాజు గొట్టంలోని రెండు రేకులు అతుక్కుంటాయి. అదే జత ఇక్కడ వాడాను: అయస్కాంతం హబ్బు అంచుకు, రీడ్ స్విచ్ కదలని యూ పట్టీకి. ఉయ్యాల నడిమికి వచ్చినప్పుడల్లా ఒక తాకు. ఒక రాకపోకకు రెండు తాకులు.

చదవడానికి ఈఎస్‌పీ32 బోర్డు (ప్రోగ్రాం రాసుకునే చిన్న కంప్యూటర్ లాంటిది), కోఠి గుజరాతీ గల్లీలో కొన్నది. ఆన్‌లైన్లో కూడా ఇంతే ధర. అయితే గల్లీలో రెసిస్టర్లు విడిగా రెండు మూడు కూడా ఇస్తారు, ఆన్‌లైన్లో వంద ప్యాకెట్టు కొనాలి.

మొదట తేడా కొట్టింది: ఉయ్యాల ఖాళీగా, కదలకుండా ఉంటే కూడా తాకులు పడుతున్నాయి. ఫ్యాను వేస్తే ఇంకా ఎక్కువ. అయస్కాంతం తీసేసినా పడుతున్నాయి. రీడ్ స్విచ్ వైరు 34వ పిన్నుకు ఇచ్చాను. ఈఎస్‌పీ32లో 34 నుంచి 39 వరకు పిన్నులు లోపలికి చదవడానికే, వాటికి లోపల పుల్‌అప్ రెసిస్టర్ (స్విచ్ తెరిచి ఉన్నప్పుడు పిన్నును ఒకే స్థితిలో పట్టి ఉంచేది) ఉండదు. ప్రోగ్రాంలో పుల్‌అప్ ఆన్ చేయమని రాసినా బోర్డు ఏమీ అనదు, ఏమీ చేయదు కూడా. పిన్ను గాలిలో వేలాడుతూ గదిలోని కరెంటు హమ్మంతా వింటుంది. 27వ పిన్నుకు మార్చాను. రెండు మీటర్ల వైరు కాబట్టి బయట 10 కిలో ఓమ్ రెసిస్టర్ కూడా పెట్టాను.

రెండోది: ఒక్కోసారి ఒక దాటుకు రెండు తాకులు. రీడ్ రేకులు అతుక్కునేటప్పుడు మిల్లీసెకను రెండు మిల్లీసెకన్లు వణుకుతాయి, దానికి 50 మిల్లీసెకన్ల విరామం ముందే పెట్టాను. అది చాలలేదు. చక్రం మీద అయస్కాంతం రీడ్‌ను విసురుగా దాటుతుంది. ఇక్కడ హబ్బు అంచు సెకనుకు ఒకటి రెండు సెంటీమీటర్లే కదులుతుంది. అంత నెమ్మదిగా దాటితే రీడ్ ఒకసారి మూసుకుని, తెరుచుకుని, మళ్లీ మూసుకోవచ్చు. విరామం ఎంత పెట్టాలో ఉయ్యాలనే అడగాలి.

పైనుంచి పాప నడుము దాకా 1.62 మీటర్లు. లోలకం సూత్రం ప్రకారం ఒక రాకపోకకు 2.55 సెకన్లు రావాలి. స్టాప్‌వాచ్‌తో ఇరవై రాకపోకలు కొలిచి భాగిస్తే 2.54. బియ్యం మూట వేసినా పాపను వేసినా అంతే, బరువుతో పని లేదు. నడిమిని 1.27 సెకన్లకోసారి దాటుతుంది కాబట్టి 800 మిల్లీసెకన్ల విరామం నిశ్చింతగా పెట్టుకోవచ్చు. మీ ఉయ్యాల పొట్టిది అయితే ఈ అంకె తగ్గించుకోండి. ఒక మీటరుకు రాకపోక 2 సెకన్లే.

మూడోది కరెంటు. వేసవి గాలివానకు రాత్రి కరెంటు పోయి వచ్చాక, లాగ్‌లో పాప 1970 జనవరి 1న నిద్రపోయింది. బోర్డులో బ్యాటరీ గడియారం లేదు, టైమ్ ఇంటర్నెట్ నుంచి తెచ్చుకోవాలి, రూటర్ ఇంకా లేవలేదు. వైఫై మొత్తం తీసేశాను. బోర్డు యూఎస్‌బీ వైరుతో ల్యాప్‌టాప్‌కు తాకు సంగతి చెబుతుంది, టైమ్ ల్యాప్‌టాప్ వేస్తుంది. కరెంటు పోయినా ల్యాప్‌టాప్ బ్యాటరీ రెండు గంటలు రెండింటినీ నడుపుతుంది. డేటా ఇల్లు దాటదు. కెమెరా పెడదామా అని అడిగితే మా ఆవిడ ఒక్క చూపు చూసింది, ఆ ప్రస్తావన మళ్లీ రాలేదు.

వైర్లన్నీ కొక్కెం నుంచి సీలింగు వెంట గోడకు, గోడ వెంట కిందికి. పాప చెయ్యి చాచినా అందే వైరు ఒక్కటీ ఉండకూడదు.

ఇరవై సెకన్లు తాకు లేకపోతే ఊపడం ఆగినట్టు. ఫైల్లో మొదలైన టైమ్, ఆగిన టైమ్, ఊపుల సంఖ్య. 4వ మీట పీకి పక్కన పెట్టాను.

ఖర్చు: ఈఎస్‌పీ32 450, రెసిస్టర్లు, ఎల్ఈడీ, వైరు 60, రీడ్ పాత స్పీడోమీటర్‌ది కాబట్టి సున్నా. ఇప్పటిదాకా 1,665.

ఐదో దశ: పరుపు మీదికి మార్చడం

ఇప్పుడు రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టొచ్చు: ఉయ్యాల ఎప్పుడు ఆగింది, 5 ఎప్పుడు నొక్కారు. కళ్లు మూసిన వెంటనే ఎత్తి పరుపు మీద వేసిన రాత్రుల్లో సగానికి పైగా పది నిమిషాల్లోపే 5 పడింది. ఉయ్యాల ఆగాక ఎనిమిది నిమిషాలు ఆగి ఎత్తితే చాలావరకు పడుకునే ఉంది. జపాన్‌లోని రికెన్ సంస్థ వాళ్లు 2022లో ఇలాంటి మాటే చెప్పారు. ఏడ్చే పాపను ఎత్తుకుని ఐదు నిమిషాలు నడిచి, నిద్రపోయాక ఇంకో ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు ఒళ్లోనే ఉంచి అప్పుడు పడుకోబెట్టమన్నారు. మాది ఒడి కాదు, చీర. అంకె మాత్రం దగ్గరగా కుదిరింది.

తెల్లవారుజామున ఎనిమిది నిమిషాలు ఎవరు లెక్కపెడతారు? ఉయ్యాల ఎదురుగా గోడ మీద మసక ఎర్ర ఎల్ఈడీ పెట్టాను. ఊపు ఆగిన ఎనిమిది నిమిషాలకు వెలుగుతుంది. మళ్లీ ఊపితే ఆరిపోతుంది. 1 కిలో ఓమ్ రెసిస్టర్ వేసినా చీకట్లో కొట్టొచ్చినట్టు కనిపించింది, 10 కిలో ఓమ్ వేశాక బాగుంది.

అమ్మ దీన్ని ఒకటి రెండు రాత్రులు చూసింది. తర్వాత చెప్పింది: “చెయ్యి పట్టి లేపి ఇడువురా. మెత్తగ పడితే పండుకున్నట్టు. గుంజుకుంటే ఇంకా పండుకోలేదు.” ఆమె ఎలా చేస్తుందో దగ్గరగా చూశాను. పాప మణికట్టు కింద చూపుడువేలు పెట్టి బొటనవేలు తాకీ తాకకుండా ఓ బెత్తెడు పైకి ఎత్తుతుంది, వేలు తీసేస్తుంది. పిడికిలి విడిపోయి చెయ్యి పొట్ట మీదకు జారితే చీరతో సహా ఎత్తుతుంది. వేళ్లు ముడుచుకుంటే మళ్లీ తాడు పట్టుకుంటుంది. అమ్మ ఎత్తిన రాత్రులు లాగ్‌లో విడిగా తీసి చూస్తే కొన్ని నాలుగు నిమిషాలకే ఎత్తినవి, కొన్ని పన్నెండుకు. తిరిగి లేవడం నా ఎనిమిది నిమిషాల నియమం కంటే తక్కువ. ఇప్పుడు ఎర్ర లైటు వెలిగాకే నేను చెయ్యి పరీక్ష మొదలుపెడతాను. అమ్మకు లైటుతో పని లేదు.

ఆరో దశ: సైకిల్

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన సోలార్ కప్పు ట్రాక్ మాకు దగ్గరే. మొత్తం 23 కిలోమీటర్లు: నానక్‌రామ్‌గూడ వైపు ఒక ముక్క, నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఇంకో ముక్క. పాప పుట్టక ముందు పొద్దున్నే వెళ్లేవాణ్ని. ఇప్పుడు ఇంట్లో ఎవరినీ ఇబ్బంది పెట్టని గంట ఎక్కడుందో వెతకాలి.

ముందు సగటు తీశాను. తెల్లవారుజాము పాలు సగటున 5:10కి, ఆ తర్వాత సగటున గంట నలభై నిమిషాల నిద్ర. అంటే 5:30కి బయల్దేరొచ్చు. సగటు నమ్ముకుని వెళితే ఒక రోజు నార్సింగి దాటకముందే ఫోన్ మోగింది. లెక్కను వరుసలుగా విడగొట్టి చూస్తే కారణం కనిపించింది. ఆ పాలు ఒక రోజు 4:20కి, ఇంకో రోజు 5:50కి. నిద్ర కూడా నలభై నిమిషాల నుంచి రెండున్నర గంటల దాకా. సగటు నాడు ఉండే పాప మా ఇంట్లో లేదు.

గడియారం వదిలేసి సంఘటన పట్టుకున్నాను:

1. 4:30 తర్వాత పాలు తాగింది.
2. తర్వాత ఉయ్యాల ఊపు పది నిమిషాలు దాటలేదు. ఎక్కువసేపు ఊపించుకున్న రోజుల్లో నిద్ర కూడా పొట్టిగానే ఉంది.
3. పరుపు మీదికి మార్చాక పావుగంట 5 పడలేదు.

మూడూ కుదిరితేనే బూట్లు. కుదరకపోతే పడక. ట్రాక్ మీద ఇరవై ఐదు నిమిషాలకు ఎక్కడున్నా వెనక్కి తిప్పడం. ఫోన్ సైలెంట్, ఇంటి నంబరు మాత్రం మోగుతుంది.

నాలుగో షరతు మా ఆవిడ చేర్చింది. మరి నీ నిద్ర ఎవరు కొలుస్తున్నారని నన్ను అడిగింది. లాగ్‌లో నేను లేచిన సార్లు కూడా ఉన్నాయి, ఎవరు లేచారో రాయడానికి 7, 8 మీటలు ఇచ్చాం. రాత్రి మొత్తం మీద నాకు ఐదు గంటలు దక్కకపోతే సైకిల్ లేదు. నిద్రలేని కళ్లతో మణికొండ నుంచి ట్రాక్ దాకా రోడ్డు, పొద్దున్నే నీళ్ల ట్యాంకర్లు పరుగెత్తే రోడ్డు, తొక్కకూడదనేది సరైన మాటే. ఈ షరతుతో వారంలో సైకిల్ రోజులు రెండుకు తగ్గాయి. మధ్యలో ఫోన్ మోగడం మాత్రం ఆగింది.

పాపను సైకిల్ మీద ఎప్పుడు కూర్చోబెడతావని ఆఫీసులో అడుగుతున్నారు. ఏడాది నిండకముందు సైకిల్ మీద ఎక్కించొద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెబుతుంది. మెడ నిలవాలి, హెల్మెట్ బరువు మోయాలి, ఆసరా లేకుండా కూర్చోవాలి. ఆ సీటు సంగతి అప్పుడే.

ఏడో దశ: విప్పేయడం

పాప పక్కకు తిరిగి చెయ్యి కింద ఇరుక్కుని ఏడవడం మొదలైన వారంలోనే పూర్తిగా బోర్లా పడింది. అమ్మ బొబ్బట్లు చేసింది. అదే సాయంత్రం నిచ్చెన వేసి చీర, పట్టీ, హబ్బు దించాను. ఉతికితే చీర మళ్లీ పాత చీరే. పట్టీకి కుట్టు దగ్గర నూలు కాస్త పైకి లేచింది, ఇంకో నెల వాడి ఉంటే మార్చాల్సి వచ్చేది. కోన్ల మీద మచ్చలు పెరగలేదు.

ఇప్పుడు నిద్ర లెక్క మళ్లీ చేత్తోనే, పీకేసిన 4వ మీట తిరిగి పెట్టాను. పరుపు పక్కన నేల మీదే ప్యాడ్ ఉంది కాబట్టి ఈసారి వరుసలు పడుతున్నాయి. యూ పట్టీని తలకిందులుగా గోడకు బిగించి సైకిల్ ముందు చక్రం తగిలించే స్టాండు చేశాను, 100 మిల్లీమీటర్ల హబ్బు అందులో సరిగ్గా కూర్చుంటుంది. ఈఎస్‌పీ32 డబ్బాలో ఉంది.

మొత్తం ఖర్చు 1,665 రూపాయలు.

నంబర్ ప్యాడ్ మాత్రం ఎవరూ తీయనివ్వడం లేదు. పోయిన వారం అమ్మ 9కి కూడా ఒక స్టిక్కరు అడిగి అంటించుకుంది. పొద్దున బీపీ మాత్ర వేసుకోగానే నొక్కుతుంది, అలవాటు ప్రకారం రెండుసార్లు.